లక్షకి నెలకి 836: హైదరాబాద్‌లో ఇల్లు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

ఫోన్ రివ్యూలు రెగ్యులర్‌గా చదివేవాళ్ళకి పోస్టర్ మీద ధర వేరు, చేతికి వచ్చేసరికి అయ్యే ధర వేరు అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బ్యాంక్ ఆఫర్, ఎక్స్‌ఛేంజ్ బోనస్, స్టార్ గుర్తు పెట్టి కింద చిన్న అక్షరాల్లో రాసిన కండిషన్లు అన్నీ పక్కన పెడితే గానీ అసలు రేటు తెలీదు. 25 వేల ఫోన్‌కి నాలుగు సైట్లు తిరిగి, సేల్ కోసం నెల రోజులు ఆగే మనం, 60 లక్షల ఫ్లాట్ దగ్గర మాత్రం బ్రోచర్‌లో ఉన్న ఎస్ఎఫ్‌టీ రేటు, హోర్డింగ్ మీద ఉన్న వడ్డీ రేటు చూసి సరిపెట్టుకుంటున్నాం. ఆఫీస్‌లో లంచ్ టైమ్‌లో ఈ మధ్య ఫోన్ల కంటే ఫ్లాట్ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నాం కాబట్టి, ఈసారి గ్యాడ్జెట్ పక్కన పెట్టి దీన్ని రివ్యూ చేద్దాం.

ఒక్క నంబర్ గుర్తుపెట్టుకుంటే చాలు. 8 శాతం వడ్డీకి, 20 ఏళ్ళ టెన్యూర్‌తో తీసుకున్న ప్రతి లక్ష రూపాయల లోన్‌కి నెలకి 836 రూపాయల ఈఎంఐ. వడ్డీ 7.5 శాతమైతే 806, 8.5 అయితే 868, 9 అయితే 900. ఏ స్ప్రెడ్‌షీట్‌లో అయినా పీఎంటీ ఫార్ములా వేస్తే ఇదే వస్తుంది. ఈ 836ని రెండు వైపులా వాడొచ్చు. లోన్ తెలిస్తే ఈఎంఐ వస్తుంది. నెల ఖర్చు తెలిస్తే, అది ఎంత లోన్‌తో సమానమో వస్తుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

ముందు మన ఫోన్ ఈఎంఐ సంగతి

బ్యాంకులు మీ జీతంలో ఎంత భాగం ఈఎంఐలకి పోవచ్చో ఒక లిమిట్ పెట్టుకుంటాయి. బ్యాంకుని బట్టి, జీతాన్ని బట్టి మారుతుంది కానీ, లెక్క కోసం చేతికొచ్చే జీతంలో సగం అనుకుందాం. నెలకి 90 వేలు వస్తే 45 వేలు. దాన్ని 836తో భాగిస్తే దాదాపు 53.8 లక్షల లోన్‌కి మీరు అర్హులు.

ఇప్పుడు మీకు ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్, ఒక ల్యాప్‌టాప్ కలిపి నెలకి 5,000 ఈఎంఐ ఉందనుకోండి. 'నో కాస్ట్' అయినా సరే, అది కూడా అప్పే, క్రెడిట్ రిపోర్ట్‌లో కనిపించేదే. 45 వేలలో అది తీసేస్తే మిగిలేది 40 వేలు. లోన్ 47.8 లక్షలకి పడిపోతుంది. అంటే నెలకి 5,000 గ్యాడ్జెట్ ఈఎంఐ, మీ ఇంటి లోన్‌లో 6 లక్షలు తినేసింది. నాలుగైదు కిస్తీలే మిగిలి ఉంటే కొన్ని బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు గానీ, దాని మీద ఆశ పెట్టుకునే బదులు క్లోజ్ చేసి వెళ్ళడమే మేలు. 2025 జనవరి నుంచి బ్యాంకులు క్రెడిట్ బ్యూరోలకి కనీసం 15 రోజులకోసారి డేటా పంపాలి కాబట్టి, క్లోజ్ చేసింది రిపోర్ట్‌లోకి ఎక్కడానికి గతంలో అంత ఆలస్యం అవ్వదు. ఇల్లు కొనాలనుకున్న ఆరు నెలల ముందు నుంచి అప్‌గ్రేడ్ ఆపేయండి. ఈ సైట్‌లో ఈ మాట రాయడం కొంచెం విచిత్రంగానే ఉంది.

ఏరియా: ఎస్ఎఫ్‌టీ రేటు ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు

మనలో చాలామంది ఆఫీస్ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లలోనే. ఆ చుట్టుపక్కల కొత్త ఫ్లాట్లు మామూలు జీతానికి అందే పరిస్థితి దాటిపోయాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ భూమి మీద కట్టేవి మనకోసం కాదు. అందుకే అందరూ బీరంగూడ, అమీన్‌పూర్, బాచుపల్లి, నిజాంపేట, ఇంకాస్త దూరం పటాన్‌చెరు వైపు, లేదా ఊరికి అటు చివర ఉప్పల్, నాగోల్, పోచారం వైపు చూస్తున్నారు.

ఊహకి ఒక లెక్క వేద్దాం. ఆఫీస్‌కి దగ్గర్లో 95 లక్షల ఫ్లాట్, 25 కిలోమీటర్ల దూరంలో అదే సైజుది 65 లక్షలు. తేడా 30 లక్షలు. దూరం నుంచి రోజూ కారులో వెళ్తే నెలకి 22 రోజులు, రానూపోనూ 50 కిలోమీటర్లు, మొత్తం 1,100 కిలోమీటర్లు. లీటరుకి 15 మైలేజ్, పెట్రోల్ 107 చొప్పున సుమారు 7,800 రూపాయలు. దాన్ని 836తో భాగిస్తే 9.3 లక్షలు. అంటే 30 లక్షల ఆదా నిజానికి 21 లక్షల లోపే. దగ్గర ఇంటికి అయ్యే పెట్రోల్ కొంచెమే కాబట్టి వదిలేశా. ఔటర్ టోల్ కలపలేదు. పైగా ఫిక్స్‌డ్ జీతానికి 20 ఏళ్ళ తర్వాత కూడా ఈఎంఐ దాదాపు అలాగే ఉంటుంది, పెట్రోల్ మాత్రం ఉండదు.

వారానికి మూడు రోజులే ఆఫీస్ అంటే ఈ 9.3 లక్షలు 5.5 లక్షలకి తగ్గుతాయి. కానీ హైబ్రిడ్ పాలసీ అనేది హెచ్ఆర్ నుంచి వచ్చే ఒక్క మెయిల్‌తో మారిపోతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. లెక్క ఐదు రోజులకే వేసుకోండి.

టైమ్‌కి ధర కట్టడం మీ ఇష్టం. రోజుకి గంటన్నర అదనంగా రోడ్డు మీద పోతే నెలకి 33 గంటలు. నా వరకు నేను ఆ 33 గంటలకి ఒక రేటు వేసి షీట్‌లో ఒక లైన్ పెట్టా. వేయకపోతే దూరపు ఏరియా ఎప్పుడూ గెలుస్తుంది.

ఇక్కడ మెట్రో మ్యాప్ ఒకసారి జాగ్రత్తగా చూడండి. మియాపూర్ మెట్రోకి దగ్గర అని రాసిన బ్రోచర్లు బాచుపల్లి, నిజాంపేట అంతటా కనిపిస్తాయి. మియాపూర్ రెడ్ లైన్ మీద ఉంది. అక్కడి నుంచి రాయదుర్గం వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా వెళ్ళి, బ్లూ లైన్ ఎక్కి మళ్ళీ వెనక్కి రావాలి. కొండాపూర్ మీదుగా రోడ్డు మార్గమే దగ్గర కాబట్టి ఆఫీస్‌కి ఆ మెట్రో పెద్దగా పనికిరాదు. మ్యాప్‌లో చాలా దూరంగా కనిపించే నాగోల్, ఉప్పల్ మాత్రం నేరుగా బ్లూ లైన్ మీద ఉన్నాయి. నాగోల్‌లో ఎక్కితే మారే పని లేకుండా రాయదుర్గంలో దిగొచ్చు. దాదాపు గంట పడుతుంది. ఎక్కేది మొదటి స్టేషన్‌లో కాబట్టి ఉదయం సీటు దొరికే అవకాశం ఎక్కువ. టికెట్ రానూపోనూ 140 లోపే, నెలకి మూడు వేలు. 836తో భాగిస్తే 3.6 లక్షలు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వాళ్ళకి రాయదుర్గం నుంచి ఇంకో ప్రయాణం ఉంటుంది, అది కూడా కలుపుకోండి. అయినా సరే, హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళకి 'ఆఫీస్‌కి దగ్గర' అని చెప్పి అమ్ముతున్న పడమటి శివార్ల కంటే తూర్పు వైపు మెట్రోకి నడిచి వెళ్ళగలిగే పాత కాలనీలే నాకు మెరుగ్గా అనిపించాయి. ఎంఎంటీఎస్ టికెట్ ఇంకా చవక, కానీ రైలు టైమ్‌కి మన లాగిన్ టైమ్ కుదరాలి.

నీళ్ళు చూడకుండా ఏ ఏరియా ఖాయం చేసుకోవద్దు. శివార్లలో చాలా అపార్ట్‌మెంట్లు వేసవిలో ట్యాంకర్ల మీదే నడుస్తాయి, ఆ బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది. ఫ్లాట్ చూడడానికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి వాచ్‌మన్‌ని అడగండి. సేల్స్ ఆఫీస్‌లో కూర్చున్నవాళ్ళు చెప్పని సంగతులు అతను చెప్తాడు. వర్షాల్లో ఇంకోసారి వెళ్ళండి. 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట భండారీ లేఅవుట్ సెల్లార్లు నీళ్ళలో మునిగిన ఫొటోలు ఇప్పటికీ నెట్‌లో దొరుకుతాయి. చెరువు ఎఫ్‌టీఎల్ పరిధిలో ఉందేమో హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో చూసుకోవడం ఎంత అవసరమో 2024లో హైడ్రా వచ్చాక అందరికీ అర్థమైంది.

మెయింటెనెన్స్ కూడా ఇదే తరాజులో వేయండి. గేటెడ్ కమ్యూనిటీలో ఎస్ఎఫ్‌టీకి 3 రూపాయల చొప్పున 1,200 ఎస్ఎఫ్‌టీకి 3,600. స్టాండలోన్ అపార్ట్‌మెంట్‌లో 1,500 అనుకుంటే తేడా 2,100. అంటే రెండున్నర లక్షలు. వాడని స్విమ్మింగ్ పూల్‌కి ఇదీ ధర.

అన్నట్టు ఆ 1,200 ఎస్ఎఫ్‌టీ కూడా 128 జీబీ స్టోరేజ్ లాంటిదే. కారిడార్, లిఫ్ట్, మెట్లు అన్నీ కలిపిన సూపర్ బిల్టప్ అది. లోపల కార్పెట్ ఏరియా 850 ఉందనుకుంటే, 60 లక్షల ఫ్లాట్ ఎస్ఎఫ్‌టీ 5,000 కాదు, 7,050 పైనే. రెరా చట్టం ప్రకారం బిల్డర్ కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. రెండు ప్రాజెక్టుల్ని పోల్చేటప్పుడు ఆ నంబర్ అడగండి. తెలంగాణ రెరా రిజిస్ట్రేషన్ లేకుండా 'ప్రీ లాంచ్ ఆఫర్' అని సగం ధరకి ఇస్తామంటే అది ఆఫర్ కాదు, చట్టవిరుద్ధం. దాని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

60 లక్షల ఫ్లాట్ ఆన్ రోడ్ ధర

ఆర్‌బీఐ రూల్ ప్రకారం లోన్ 30 లక్షల లోపైతే ఇంటి ధరలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షలైతే 80 శాతం, ఆపైన 75 శాతం వరకే ఇవ్వొచ్చు. కాబట్టి 60 లక్షల ఫ్లాట్‌కి 48 లక్షలు లోన్, 12 లక్షలు మనవి. ఇక్కడితో అయిపోలేదు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం, ఇంకో 3 లక్షలు. ఈ ఏడున్నర లక్షలకి మామూలుగా ఇంటి లోన్ రాదు. మొత్తం 19.5 లక్షలు చేతిలో ఉండాలి, అదీ ఒక్క కబోర్డ్ కూడా చేయించకముందు. దీనికోసం పర్సనల్ లోన్ తీసుకుంటే పైన చెప్పిన 5,000 గ్యాడ్జెట్ ఈఎంఐ కథ ఇంకా పెద్ద సైజులో మొదలవుతుంది.

45 లక్షల లోపు, హైదరాబాద్ లాంటి మెట్రోలో 60 చదరపు మీటర్ల కార్పెట్ లోపు ఉంటే జీఎస్టీ 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొన్నా, రీసేల్‌లో కొన్నా జీఎస్టీ అసలు లేదు. రీసేల్‌లో ఇంకో లాభం, అద్దె ఆగిపోవడం. నిర్మాణంలో ఉన్నదానికి 24 లక్షలు రిలీజ్ అయితే నెలకి 16 వేలు ప్రీ ఈఎంఐ వడ్డీ, దాంతో పాటు మీరుంటున్న ఇంటి అద్దె. రెండున్నరేళ్ళు అలా నడిస్తే ఒక్క వడ్డీయే 4.8 లక్షలు. ఎనిమిది, పదేళ్ళ పాత ఫ్లాట్‌ని 'అవుట్‌డేటెడ్ మోడల్' అని కొట్టిపారేసే ముందు ఇది చూడండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది కొనేవాళ్ళే. అమ్మేవాళ్ళు గుర్తుచేయరు.

వడ్డీ రేటు: పెద్ద అక్షరాల్లో ఉన్నది కాదు, ప్లస్ తర్వాత ఉన్నది

2019 అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లు బయటి బెంచ్‌మార్క్‌కి లింక్ అయి ఉండాలి. ఎక్కువ బ్యాంకులు ఆర్‌బీఐ రెపో రేటునే వాడతాయి. మీ వడ్డీ అంటే రెపో ప్లస్ స్ప్రెడ్. రెపో 2025 ఫిబ్రవరిలో 6.5 నుంచి దిగడం మొదలై, నాలుగు కోతల తర్వాత డిసెంబర్‌లో 5.25కి వచ్చింది. స్ప్రెడ్ 2.25 అయితే మీ రేటు 7.5.

రెపో అందరికీ ఒకటే. అది ఆండ్రాయిడ్ వెర్షన్ లాంటిది, దాన్ని చూసి ఫోన్ ఎంచుకోం. బ్యాంకుకీ బ్యాంకుకీ తేడా స్ప్రెడ్‌లోనే. పైగా మీ స్ప్రెడ్ ఒకసారి ఫిక్స్ అయ్యాక, కొత్త కస్టమర్లకి బ్యాంక్ తగ్గించినా మీది దానంతట అది తగ్గదు. పండగ ఆఫర్ హోర్డింగ్ చూసి పాత కస్టమర్ ఫోన్ చేస్తే కన్వర్షన్ ఫీజు కట్టమంటారు. అందుకే బేరం ఆడాల్సింది శాంక్షన్ లెటర్ రాకముందే. చేతిలో ఇంకో బ్యాంక్ ఆఫర్ ఉండాలి, సిబిల్ స్కోర్ బాగుండాలి. 48 లక్షల మీద పావు శాతం తేడా అంటే నెలకి 743 రూపాయలు, 20 ఏళ్ళకి 1.78 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు పదివేలు మాఫీ అని ఊరించే బ్యాంక్ కంటే, ఆ పదివేలు తీసుకుని పావు శాతం తగ్గించే బ్యాంకే లాభం. 14 నెలల్లో ఆ ఫీజు వెనక్కి వచ్చేస్తుంది.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఈ బయటి బెంచ్‌మార్క్ రూల్ లేదు. వాళ్ళ సొంత ప్రైమ్ లెండింగ్ రేటు మైనస్ డిస్కౌంట్ అని ఇస్తారు. ఆ రేటు ఎప్పుడు, ఎంత మార్చాలో వాళ్ళే నిర్ణయిస్తారు. బ్యాంక్ 7.5, ఫైనాన్స్ కంపెనీ 7.4 అంటే నేనైతే 7.5 తీసుకుంటా. రెపో తగ్గితే బ్యాంక్ కనీసం మూడు నెలలకోసారి రీసెట్ చేయాలి. మొదటి ఏడాది మిగిలే 0.1 శాతం కంటే ఆ రూల్ విలువ ఎక్కువ. డాక్యుమెంట్లలో చిన్న లోపం ఉండి బ్యాంక్ ఒప్పుకోని ఇళ్ళకి ఫైనాన్స్ కంపెనీలు ఇస్తాయి. అది వాళ్ళ మంచితనం కావచ్చు గానీ, మీకు మాత్రం ఆ ఇంటి గురించి ఒక హెచ్చరిక.

రేటు కంటే భయపెట్టేది టెన్యూర్. 2022 మొదట్లో రెపో 4 శాతం. అప్పుడు 6.75 శాతానికి 48 లక్షలు తీసుకున్నవాళ్ళ ఈఎంఐ 36,500. మే నుంచి మొదలై 2023 ఫిబ్రవరి నాటికి రెపో 6.5 అయింది. లోన్ 9.25 అయింది. బ్యాలెన్స్ 47 లక్షల మీద నెల వడ్డీయే 36,200. ఈఎంఐ మార్చకుండా అలాగే కడితే అసలుకి పోయేది 300 రూపాయలు కూడా కాదు. అప్పట్లో చాలామందికి ఈఎంఐ పెరగలేదు, 'హమ్మయ్య' అనుకున్నారు. లోపల టెన్యూర్ రిటైర్‌మెంట్ దాటి పోయింది. ఆ గోల తర్వాతే 2023 ఆగస్టులో ఆర్‌బీఐ కొత్త రూల్ తెచ్చింది. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, టెన్యూర్ పెంచాలా, రెండూ కలిపా అనే ఛాయిస్ కస్టమర్‌కి ఇవ్వాలి. ఆ మెసేజ్ ప్రమోషనల్ ఎస్ఎంఎస్‌లాగే కనిపిస్తుంది, స్వైప్ చేసి పడేయకండి.

ఇప్పుడు రేటు కింద ఉంది కాబట్టి ఇంకా జాగ్రత్త. 5.25 రెపో దగ్గర ఈఎంఐ అంచుల దాకా తీసుకున్నవాళ్ళకి పైకి వెళ్ళినప్పుడు ఊపిరాడదు. నా షీట్‌లో ప్రతి ఫ్లాట్‌కీ రెండు కాలమ్‌లు: ఈరోజు రేటుకి ఈఎంఐ, 2 శాతం పెరిగితే ఈఎంఐ. 48 లక్షలకి 7.5 దగ్గర 38,700 ఉన్నది 9.5 దగ్గర 44,700 అవుతుంది. రెండో కాలమ్ కట్టలేకపోతే ఆ ఫ్లాట్ లిస్ట్‌లోంచి తీసేశా.

మొదటి ఏళ్ళలో అసలు ఎంత నెమ్మదిగా తగ్గుతుందో కూడా చూడండి. 8 శాతానికి 48 లక్షలు తీసుకుని ఐదేళ్ళలో 24 లక్షలు కడితే, లోన్ తగ్గేది 6 లక్షలే. ఐదేళ్ళలో అమ్మేసి వేరే చోటికి వెళ్తాం అనుకునేవాళ్ళు అద్దెకి ఉండడమే నయం. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కడితే 20 ఏళ్ళ లోన్ దాదాపు మూడేళ్ళు ముందే అయిపోతుంది. ఫ్లోటింగ్ లోన్‌కి ముందే కట్టినా పెనాల్టీ ఉండదు. బోనస్ ఎలాగూ ఏడాదికోసారే వస్తుంది.

'ట్యాక్స్ సేవ్ అవుతుంది కదా' అనే మాట ఇప్పటికీ ఏజెంట్లు చెప్తుంటారు. మీరు కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉంటే, సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. ఆ కాలమ్‌లో సున్నా వేయండి.

సంతకం ముందు

2024 అక్టోబర్ నుంచి ప్రతి కొత్త రిటైల్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇది లోన్ స్పెక్ షీట్. ఇందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఛార్జీలు, లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే నిజంగా ఎంత వడ్డీ పడుతుందో అది చెప్తుంది. రేటుకీ ఏపీఆర్‌కీ మధ్య దూరం ఎక్కువ ఉంటే ఇన్సూరెన్స్ లైన్ దగ్గర ఆగండి. 1.5 లక్షల సింగిల్ ప్రీమియం లోన్‌లో కలిపేస్తే నెలకి 1,255 చొప్పున 20 ఏళ్ళలో 3 లక్షలు కడతారు. లోన్ కావాలంటే వాళ్ళ పాలసీయే తీసుకోవాలని రూల్ లేదు. విడిగా టర్మ్ పాలసీ తీసుకుని ఆ లైన్ తీసేయించండి. నాకు ఆఫర్ ఇచ్చిన ఒక చోట 'సిస్టమ్‌లో ఆ ఆప్షన్ రాదండి' అన్నారు. మెయిల్‌లో రాసి పంపమంటే మర్నాటికి వచ్చింది.

ఆ స్టేట్‌మెంట్ ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఉంటాయి, ఆ లోపు షరతులు మార్చకూడదు. 'ఈరోజే సంతకం పెడితే ఈ రేటు' అని ఫోన్లు వస్తాయి, రానివ్వండి. పీడీఎఫ్ శుక్రవారం తీసుకుంటే మధ్యలో శని, ఆదివారాలు కలిసొస్తాయి, ఇంకో బ్యాంక్ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.